బజారు మాట: కరోనా రోజుల నాటి సరుకుల చీటీ

పాఠకులకు నమస్కారం. పోయిన సంచికలో నూనె ధరల గురించి రాస్తూ కరోనా ఏడాది ప్రస్తావన తెచ్చాను. దాని మీద ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. అన్నీ వేయడానికి చోటు చాలదు కాబట్టి కొన్నిటికి జవాబిస్తున్నాను. కొత్తగా చదువుతున్నవాళ్ళ కోసం ఒక మాట: మాది విజయనగరం దాసన్నపేట వైపు కిరాణా కొట్టు, మా మామగారి కాలం నాటిది. కరోనా రెండేళ్ళూ గల్లా దగ్గర కూర్చున్నది నేనే. కింద చెప్పేవి చాలావరకు అక్కడ కూర్చుని చూసినవి, అప్పటి పద్దు పుస్తకాల్లో ఇప్పటికీ ఉన్నవి.

ప్రశ్న: బీకాం చివరి ఏడాది చదువుతున్నాను. కరోనా కాలంలో వినియోగదారులు ఎలా మారారు అన్నది నా ప్రాజెక్టు. పుస్తకాల్లో పెద్ద పెద్ద మాటలున్నాయి గానీ, జనం ఏం కొన్నారో ఏం మానేశారో లేదు. మీరు చూసింది చెప్తారా ఆంటీ?
*ఒక విద్యార్థిని, బొబ్బిలి*

అమ్మా, అందరూ 2020 మార్చి 24 నుంచి మొదలుపెడతారు. బజారులో మార్పు అంతకు ముందే, కోడి దగ్గర మొదలైంది. ఫిబ్రవరిలో కోడి తింటే ఆ జబ్బు వస్తుందని ఫోన్లలో ఒకటే మెసేజీలు. "ఏటమ్మా, గుడ్డు తిన్నా వచ్చేస్తాదంట కదా?" అని మా పాత ఖాతాదారులే అడిగేవారు. కోడి మాంసం ధర అమాంతం పడిపోయింది. ఆ నెలాఖరున హైదరాబాద్‌లో తెలంగాణ మంత్రులు వేదికెక్కి అందరి ముందూ చికెన్ తిని చూపించారు. అది టీవీలో మా వీధంతా చూసింది. అయినా మా కొట్టులో గుడ్ల అట్టలు పేర్చినవి పేర్చినట్టే ఉన్నాయి.

ఆ గుడ్డు మళ్ళీ ఎప్పుడు కదిలిందంటే, క్వారంటైన్ కేంద్రాల్లో భోజనంతోపాటు గుడ్డు పెడుతున్నారని తెలిశాక. అక్కడ ఉండి వచ్చినవాళ్ళు "మాకు రోజూ గుడ్డు పెట్టారు" అని చెప్పుకున్నారు. మంత్రులు తిన్నా అమ్ముడవని సరుకు ఆ మాటతో అమ్ముడైంది. నీ ప్రాజెక్టులో ప్రజాభిప్రాయం గురించి రాసే చోట ఇది తప్పకుండా రాయి. టీవీలో పెద్దవాళ్ళు చెప్పింది మనవాళ్ళు వింటారు. చేసేది మాత్రం తమలాంటి మనిషి చేసింది చూశాకే.

ఇక మార్చి 24. ఆ రాత్రి ఎనిమిదింటికి ప్రధాని మాట్లాడారు, అర్ధరాత్రి నుంచి ఇరవై ఒక్క రోజులు లాక్‌డౌన్ అన్నారు. మర్నాడే శార్వరి ఉగాది. పచ్చడికి కొత్త బెల్లం, చింతపండు కోసం వచ్చినవాళ్ళూ, బియ్యం బస్తాల కోసం పరుగెత్తుకొచ్చినవాళ్ళూ ఒకేసారి మా గుమ్మం ముందున్నారు. బియ్యం, కందిపప్పు, నూనె, ఉప్మారవ్వ, బట్టల సబ్బు, అగ్గిపెట్టెలు. ఆ వరుసలోనే అయిపోయాయి. ఉగాది సరుకు చాలామంది మర్చిపోయి వెళ్ళారు.

తర్వాత పొద్దున్న కొన్ని గంటలే కొట్టు తెరవనిచ్చేవారు. గుమ్మం ముందు సున్నంతో వలయాలు గీశాం. కంపెనీల సేల్స్‌మెన్ రావడం ఆగిపోయింది, హోల్‌సేల్‌లో ఏది దొరికితే అదే తెచ్చేవాళ్ళం. ఇక్కడొక పెద్ద మార్పు వచ్చింది. ఫలానా టీపొడి, ఫలానా సబ్బు తప్ప ముట్టనివాళ్ళు "ఏదుంటే అదివ్వండి" అనడం మొదలుపెట్టారు. అలా వాడి చూసిన లోకల్ టీపొడీ, లోకల్ కారప్పొడీ కొందరి ఇళ్ళల్లో ఇప్పటికీ నడుస్తున్నాయి. వాళ్ళకు అంతకుముందు మరొకటి రుచి చూసే అవసరమే పడలేదు.

రెండో మార్పు చీటీ. ఇదివరకు ఆడవాళ్ళు కొట్టుకొచ్చి, నిలబడి, ఇది చూసి, అది అడిగి, పది నిమిషాలు మాట్లాడి కొనేవారు. లాక్‌డౌన్‌లో కాగితం మీద రాసి, ఫొటో తీసి వాట్సాప్‌లో పంపడం నేర్చుకున్నారు. మేం కట్టి పెడితే ఇంట్లో మగపిల్లాడు వచ్చి సంచి పట్టుకుపోయేవాడు. చీటీ రాసి కొనే మనిషి, కళ్ళతో చూసి కొనే మనిషి ఒకలా కొనరమ్మా. గల్లా పక్కన సీసాల్లో పెట్టే చాక్లెట్లు, జంతికలు, షాంపూ పొట్లాలు కదలడం మానేశాయి. అవి చీటీలో ఎవరూ రాయరు, చూసినప్పుడే గుర్తొస్తాయి. ఫేస్ పౌడరు, నెయిల్ పాలిష్, స్కూలు నోటుపుస్తకాలు, వేసవిలో పోవలసిన కూల్‌డ్రింకులు అలాగే ఉండిపోయాయి.

బిస్కెట్లు మాత్రం ఆగలేదు. పార్లే-జి కంపెనీవాళ్ళే 2020 వేసవి అమ్మకాలు తమ ఎనిమిది దశాబ్దాల చరిత్రలో లేనంత అని చెప్పారు. దాని వెనక కథ మేం కళ్ళారా చూశాం. చెన్నై, విజయవాడల నుంచి ఒడిశా, బీహార్, బెంగాల్ వైపు నడిచిపోతున్న కూలీలకు భోగాపురం దగ్గర హైవే మీద పంచడానికి మా వీధి కుర్రాళ్ళు డబ్బాలకు డబ్బాలు పట్టుకెళ్ళేవారు. పాడవదు, వండక్కర్లేదు, చంటిపిల్లాడు కూడా నీళ్ళలో ముంచుకుని తింటాడు. ఆ పొట్లాలు కొన్నది ఒకరు, తిన్నది మరొకరు. అమ్మకాల లెక్కలో ఈ తేడా కనబడదు, అందుకే చెప్తున్నాను.

అన్నిటికన్నా ముఖ్యం ఇంకోటుంది. జనం అలవాట్లు మారాయని ఒక్క మాటలో రాసేయకు. మా ఒక్క వీధిలోనే రెండు రకాల చీటీలు వచ్చేవి. నెల జీతం ఆగని ఇళ్ళ నుంచి మైదా, ఈస్ట్, కోకో పౌడరు, జీడిపప్పు. యూట్యూబ్ చూసి పిల్లలకు కేకులు చేసేవారు. నెలవారీ సరుకు రెండు నెలలకు సరిపడా కొనేవారు. జూట్ మిల్లు కూలీలు, ఆటో నడిపేవాళ్ళు, టిఫిన్ బండి పెట్టుకున్నవాళ్ళ ఇళ్ళ నుంచి పావుకిలో నూనె, వంద గ్రాముల పప్పు. అంతకుముందు నెలకోసారి కొనేవాళ్ళు రోజువారీకి దిగిపోయారు. ఏప్రిల్ 4న వాలంటీర్లు ఇంటింటికీ తిరిగి పేద కుటుంబాలకు వెయ్యి రూపాయలిచ్చారు. ఆ మధ్యాహ్నం మా కొట్టుకు వచ్చిన డబ్బులో ఎక్కువ భాగం పాత బాకీల కింద జమైంది, మిగిలిందానితో నూనె. ఏ మార్పు గురించి రాసినా, అది ఏ ఇంటి మార్పో పక్కన రాయమ్మా. లేకపోతే ఆ ప్రాజెక్టులో సగం మంది ఉండరు.

ప్రశ్న: మాది ఇద్దరు ఉద్యోగుల ఇల్లు. కరోనా ఏడాదిలో తిరుగుళ్ళు, హోటళ్ళు, పెళ్ళిళ్ళు లేక మాకు బాగా మిగిలింది. దేశంలో పొదుపు పెరిగిందని పేపర్లో కూడా చదివాను. మీరు మాత్రం ఎప్పుడూ జనం చితికిపోయారనే రాస్తారు. ఏది నిజమండీ?
*ఒక బ్యాంకు ఉద్యోగి, రాజాం*

మీరు చదివింది నిజమేనండి. రిజర్వ్ బ్యాంకు లెక్క ప్రకారం 2020-21లో దేశంలోని కుటుంబాల నికర ఆర్థిక పొదుపు జీడీపీలో 11.5 శాతానికి చేరింది. మామూలు రోజుల్లో అది ఏడెనిమిది శాతం దగ్గర ఉండేది. 2022-23 వచ్చేసరికి ఐదు శాతం చుట్టుపక్కలకు దిగిపోయింది. అదే 2020లో ఏప్రిల్ నుంచి జూన్ దాకా దేశ ఉత్పత్తి దాదాపు 24 శాతం పడిపోయింది. ఉత్పత్తి అంత పడి, పొదుపు పెరగడం ఎలా కుదురుతుంది? ఖర్చుపెట్టే దారి మూసుకుపోయిన ఇళ్ళల్లో డబ్బు ఉండిపోయింది. సంపాదించే దారి మూసుకుపోయిన ఇళ్ళల్లో ఉన్నది కరిగిపోయింది. రెండూ కలిపి సగటు తీస్తే మీ ఇల్లే కనబడుతుంది.

రెండో రకం ఇళ్ళు ఎక్కడ కనబడతాయో మీకు బాగా తెలుసు, బంగారం కుదువ పెట్టే కౌంటర్ దగ్గర. 2020 ఆగస్టులో పది గ్రాముల బంగారం 56 వేలు దాటింది. అదే నెలలో రిజర్వ్ బ్యాంకు బంగారం విలువలో 75 శాతం బదులు 90 శాతం దాకా అప్పు ఇవ్వొచ్చని బ్యాంకులకు చెప్పింది, మరుసటి మార్చి నెలాఖరు దాకా. ధరా పెరిగింది, ఇచ్చే వాటా కూడా పెరిగింది. అంతకుముందు ఎన్నడూ నగ తాకట్టు పెట్టని ఆడవాళ్ళు ఆ ఏడాది పెట్టారు. పుస్తెలతాడు పెట్టి మెడలో పసుపు తాడు కట్టుకుని కొట్టుకొచ్చినవాళ్ళను నేను చూశాను. దాని గురించి వాళ్ళు మాట్లాడలేదు, నేనూ అడగలేదు. వాయిదాలు కట్టక్కర్లేదని ఇచ్చిన మారటోరియం ఆగస్టు 31తో అయిపోయింది. కట్టకపోయినా వడ్డీ మాత్రం నడుస్తూనే ఉందని చాలామందికి అప్పటిగ్గానీ తెలియలేదు.

ఒక మాస్టారి సంగతి చెప్పాలి. ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పేవారు. స్కూలు మూసేశాక జీతం ఆపేశారు. ఎప్పుడూ నగదు ఇచ్చి కొనే మనిషి, ఒక రోజు గిరాకీ లేని వేళ చూసి వచ్చి, "అమ్మా, నా పద్దు వేరే పుస్తకంలో రాస్తారా?" అని అడిగారు. మా మామూలు పుస్తకం గల్లా మీదే ఉంటుంది, ఎవరైనా తిప్పి చూడొచ్చు. ఆయన చదువు చెప్పిన పిల్లల తల్లిదండ్రులే మా ఖాతాదారులు. వేరే పుస్తకం పెట్టాను. మూడు నెలలయ్యేసరికి అందులో ఇంకా చాలా పేర్లు చేరాయి, అందరూ అదే మాట అడిగినవాళ్ళే. ఆయన బండి మీద కూరగాయలు అమ్మి మొత్తం బాకీ తీర్చారు. ఆ పుస్తకం ఇప్పటికీ లోపల బీరువాలోనే ఉంది, ఎవరికీ చూపించను.

మీకు మిగలడం తప్పేమీ కాదండి. అప్పుడు మిగిలినవాళ్ళు కొందరు పక్కింటివాళ్ళ పద్దు కూడా కట్టారు. అలాంటివాళ్ళూ మా కొట్టుకు వచ్చారు.

ప్రశ్న: కరోనా వల్లే ఫోన్ పేమెంట్లు వచ్చాయంటారు. నాకు మాత్రం మొదట్లో గిరాకీ లేక అవి కూడా తగ్గినట్టు గుర్తు. మీ దగ్గర ఎలా జరిగింది?
*ఒక బట్టల వ్యాపారి, నరసన్నపేట*

మీ గుర్తు సరైనదే. యూపీఐ 2016 నుంచీ ఉంది. 2020 మార్చిలో దేశం మొత్తమ్మీద దాదాపు 125 కోట్ల చెల్లింపులు జరిగితే, ఏప్రిల్‌లో వంద కోట్ల లోపుకు పడిపోయాయి. కొట్లే లేకపోతే ఎక్కడ కడతారు? అక్టోబరుకి 200 కోట్లు దాటింది. ఆ ఆరు నెలల్లోనే అంతా జరిగింది.

నోట్ల మీద వైరస్ ఉంటుందన్న భయం కొంత పని చేసింది. నోట్లకు ఇస్త్రీ చేసినవాళ్ళు, శానిటైజర్ చల్లి ఎండలో పెట్టినవాళ్ళు ఉన్నారు. కానీ పెద్దవాళ్ళకు ఫోన్ అలవాటు చేసింది పిల్లలే. హైదరాబాద్, బెంగళూరు నుంచి ఇంటికొచ్చి వర్క్ ఫ్రమ్ హోమ్ చేసిన పిల్లలు నెలల తరబడి ఇంట్లో ఉన్నారు. తల్లికీ తండ్రికీ పక్కన కూర్చుని నేర్పే తీరిక వాళ్ళకు అంతకుముందెప్పుడు దొరికింది? మాలాంటి చిన్న కొట్లకు ఇంకో కారణం కూడా ఉంది. 2020 జనవరి 1 నుంచి యూపీఐ మీద వ్యాపారి కట్టాల్సిన రుసుము తీసేశారు. కార్డు మిషన్‌కి ఇచ్చుకోవాల్సిన కోత ఇందులో లేదు.

ఇందులో నాకు బాగా నచ్చినది ఒకటుంది. హైదరాబాద్‌లో ఉన్న కొడుకులు నేరుగా మా కొట్టుకే డబ్బు కొట్టి, "మా అమ్మకు కావలసినవి పంపండి ఆంటీ" అని ఫోన్ చేసేవారు. ఆవిడ ఏం తీసుకుందో, ఏం తీసుకోలేదో నేను వాళ్ళకు చెప్పేదాన్ని. బీపీ మాత్రలు అయిపోయాయని కూడా చెప్పాను. ఈ అలవాటు ఇప్పటికీ నడుస్తోంది, నడవాలి కూడా.

మీ కొట్టులో పెద్దవాళ్ళకు ఒక మాట చెప్తూ ఉండండి: డబ్బు మనకు రావడానికి పిన్ కొట్టక్కర్లేదు. ఎవరైనా పిన్ కొట్టమంటున్నారంటే మన డబ్బు పోతోందని అర్థం.

ప్రశ్న: కషాయం, శానిటైజర్, మాస్కు... ఇవన్నీ ఇప్పుడు ఎవరైనా కొంటున్నారా? మా అత్తగారు ఇప్పటికీ రోజూ మిరియాల కషాయం తాగమంటారు.
*ఒక గృహిణి, చీపురుపల్లి*

శానిటైజర్ దాదాపు ఎవరూ అడగడం లేదు. 2020 మార్చిలో అది దొరక్క, కేంద్రం 200 మిల్లీలీటర్లు వంద రూపాయలకు మించి అమ్మకూడదని ధర కట్టాల్సి వచ్చింది. మాస్కుల సంగతీ అంతే. రాష్ట్ర ప్రభుత్వం మనిషికి మూడు చొప్పున పదహారు కోట్ల మాస్కులు పంచాలనుకుని, కుట్టే పని డ్వాక్రా మహిళలకు ఇచ్చింది. మా వీధిలో కుట్టు మిషన్ ఉన్నవాళ్ళకు ఆ కొన్ని వారాలు అదే తిండి పెట్టింది.

కషాయం విషయం. ఆయుష్ శాఖ 2020 మార్చి 31న తులసి, దాల్చిన చెక్క, మిరియాలు, శొంఠి, ఎండు ద్రాక్షతో కషాయం, పసుపు పాలు, పొద్దున్నే చ్యవనప్రాశ తీసుకోమంది. రోగనిరోధక శక్తికని చెప్పింది, జబ్బుకు చికిత్సగా కాదు. జనం రెండూ ఒకటే అనుకున్నారు. మా దగ్గర శొంఠి, దాల్చిన చెక్క ఏడాది సరుకు వారాల్లో అయిపోయింది, తర్వాత కడుపులో మంట అని అదే మనుషులు మజ్జిగ ప్యాకెట్లకు వచ్చారు. అత్తగారు ప్రేమగా ఇస్తే వారానికి ఒకటి రెండుసార్లు పలచగా కాచుకుని తాగండి. మీకు అల్సర్ ఉంటే మాత్రం వద్దని సూటిగా చెప్పేయండి. సబ్బుతో చేతులు కడుక్కోవడం ఒక్కటీ మానకండి, నీళ్ళ విరేచనాలకైనా అదే రక్ష.

ప్రశ్న: కరోనా తర్వాత పెళ్ళిళ్ళు చిన్నగా చేస్తారన్నారు. ఏమైందండీ?
*ఒక పాఠకుడు, గజపతినగరం*

యాభై మందితో చేసినవాళ్ళంతా అప్పుడు "ఇదే బాగుంది" అన్నారు. ఆంక్షలు ఎత్తేశాక వాళ్ళలో చాలామంది రెండో పిల్లకు ఐదొందల మందిని పిలిచారు. 2020లో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం కూడా ఆంక్షల మధ్యే జరిగింది, తర్వాత మళ్ళీ ఇసకేస్తే రాలని జనం. మనవాళ్ళు జనంలో ఉండటాన్ని వదులుకోలేరు. అది నాకు సంతోషమే. అప్పు చేసి పెట్టే ఐదో రకం స్వీటు మీదే నా అభ్యంతరం.

ప్రశ్న: 2020లో మా ఇంట్లో ఇద్దరికి కరోనా వచ్చింది. మా గుమ్మానికి ముళ్ళకంప వేశారు. ఎదురింటావిడ మేం నీళ్ళు పట్టుకోకుండా కుళాయి కట్టేయించింది. తర్వాత అందరూ టీకాలు వేయించుకున్నారు, అందరూ మామూలైపోయారు. మేమే కాలేకపోతున్నాం. ఇప్పుడు ఆవిడ కూతురి పెళ్ళికి పిలిచింది. జనం అభిప్రాయం అంత సులువుగా ఎలా మారిపోతుంది? మేం వెళ్ళాలా?
*ఒక పాఠకురాలు, పలాస*

అమ్మా, మీ ఉత్తరం చాలాసార్లు చదివాను.

మీ ఊరి దగ్గర ఏం జరిగిందో రాష్ట్రమంతటికీ తెలుసు. 2020 జూన్‌లో పలాసలో చనిపోయిన ఒక పెద్దాయన దేహాన్ని జేసీబీలో తరలించారు. ఆ వీడియో చూసి జనం సిగ్గుపడ్డారు, కోపగించుకున్నారు, మున్సిపల్ అధికారులను సస్పెండ్ చేశారు. కానీ ఆ వీడియో చూసి కళ్ళు తుడుచుకున్నవాళ్ళే తమ వీధిలో ఎవరికైనా వస్తే తలుపులు వేసుకున్నారు. ఇది మా విజయనగరంలోనూ జరిగింది. 2020 మే మొదట్లో రాష్ట్రంలో ఒక్క గ్రీన్ జోన్ మాదే. కేసులు లేని ఆ రోజుల్లో ఇక్కడ భయం ఎంతో ఉండేది. గుజరాత్‌లోని వేరావల్‌లో చిక్కుకుపోయిన మన మత్స్యకారులు బస్సుల్లో తిరిగొస్తున్నారంటే, సొంత మనుషులనే ఊరి బయట ఆపమన్నవాళ్ళున్నారు.

టీకా విషయంలో మనసులు ఎలా మారాయో నేను గమనించింది ఇది. 2021 జనవరి 16న మొదలైనప్పుడు అడిగేవాళ్ళు తక్కువ. కూలీ పని చేసే ఆడవాళ్ళు నాతో చెప్పిన కారణం మూఢనమ్మకం కాదు. "సూది వేస్తే రెండు రోజులు జ్వరం, ఆ రెండు రోజుల కూలి ఎవరిస్తారు?" అన్నారు. ఏప్రిల్, మే నెలల్లో రెండో వేవ్ వచ్చి, పేరు పెట్టి పిలుచుకునే మనుషులు పోవడం మొదలయ్యాక అదే ఆడవాళ్ళు తెల్లారకముందే వరుసలో నిలబడ్డారు. అప్పుడేమో టీకాలు లేవు. కృష్ణపట్నంలో ఆనందయ్య మందు కోసం వేల మంది వెళ్ళింది కూడా ఆ మే నెలలోనే. జూన్ 20న మన రాష్ట్రంలో ఒక్క రోజులో 13 లక్షల మందికి పైగా టీకా వేశారు. ఆశా కార్యకర్తలు, ఏఎన్‌ఎంలు ఇంటింటికీ తిరిగి పిలుచుకొచ్చారు కాబట్టే అది జరిగింది.

కాబట్టి మీ మొదటి ప్రశ్నకు నా జవాబు: జనం అభిప్రాయం సులువుగా మారలేదమ్మా, వాళ్ళ ఇళ్ళకే వచ్చాక మారింది. మీ ఇంటికి అది ముందు వచ్చింది. అందరికన్నా ముందు రావడం వల్ల ఆ భయమంతా మీరే మోశారు.

ఎదురింటావిడ భయపడింది, అది నాకు అర్థమవుతుంది. కుళాయి కట్టేయించడం మాత్రం భయానికి మించిన పని. నీళ్ళు ఆపడానికి ఏ కారణమూ సరిపోదు. మీరు మర్చిపోవాలని నేను చెప్పను. మీ ఇంటాయన "పోనీలే" అంటున్నారని రాశారు, ఆయన మాట ఆయనది.

పెళ్ళి ఆ పిల్లది. అప్పుడా పిల్ల స్కూల్లో చదువుతోందని మీరే రాశారు. ఆ పిల్ల కోసం వెళ్ళి, అక్షింతలు వేసి రండి. భోజనానికి కూర్చోవాలనిపించకపోతే కూర్చోకండి. ఆవిడ పలకరిస్తే, నీళ్ళ సంగతి మీరే ఎత్తండి. పెళ్ళింట్లో వద్దనుకుంటే పెళ్ళయ్యాక ఒక రోజు తలుపు తట్టి అడగండి, ఎందుకలా చేశావని. ఆవిడ ఏం చెప్తుందో నాకు రాయండి. అచ్చు వేయొద్దంటే వేయను.